మొదటి బంతి భోజనం

ఆ మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో కూర లేదు.

గుండిగెడు కోడికూర వెనకవైపు కాలవలో పారబోశారట.

"ఎవరు పారబోయించారు?" అన్నాడు బొద్దబ్బాయి. వారానికి ఒక్కసారి వచ్చే ఆ కూర కోసం అతను పొద్దున టిఫిన్ కూడా సగమే తిన్నాడు.

"ఇంకెవరు? మొదటి బంతి మామయ్యే. బాగాలేదన్నాడు" అన్నాడు వంటాయన.

హాస్టల్లో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయన విద్యార్థి కాడు, ఉద్యోగీ కాడు. అయినా రోజూ పదకొండింటికల్లా వచ్చి, పిల్లలెవరూ రాకముందే అన్నీ వడ్డించుకుని తింటాడు. తిన్నాకైనా వెళ్లడు. గుమ్మం పక్క బెంచీ మీద రెండు గంటలు కూర్చుంటాడు. ఆయన లేచి తలూపితేగానీ వంటాయన భోజనం గంట కొట్టడు.

"ఆయనకు అరిగేదాకా మనం ఆగాలి. ఆయనకు నచ్చకపోతే మన కూర కాలవపాలు. ఎవర్రా ఈయన?" బొద్దబ్బాయికి ఏడుపొక్కటే తక్కువ.

"నోటితో అంటే లాభం లేదు. కాగితం మీద పెడదాం" అన్నాడు రైటరు.

రైటరు అంటే కథలూ కాకరకాయలూ రాసేవాడు కాదు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కాబట్టి సెలవు చీటీ మొదలు ప్రేమలేఖ దాకా ఎవరికి కావాలన్నా అతనే రాసిపెడతాడు. ఆ పేరంటే అతనికి లోపల్లోపల గర్వం. బొద్దబ్బాయిదీ అతనిదీ ఒకే గది. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం.

మర్నాడు ఇద్దరూ ఊరి మీద పడ్డారు. బస్సు పాసుకి ఫొటోలు తీయించుకున్నారు. రికార్డు పుస్తకానికి అట్ట వేయించారు. తెగిన చెప్పు కుట్టించారు. సాయంత్రం పార్కులో కూర్చుని ఫిర్యాదు రాశారు.

"'ఊరూ పేరూ లేని మనిషి ఊరికే మేస్తున్నాడు' అని రాయి."

"'మేస్తున్నాడు' బాగోదురా. 'భుజిస్తున్నాడు' అని రాస్తా."

ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

కింద అరవై రెండు సంతకాలు పడ్డాయి. వార్డెన్ కొత్తాయన, వచ్చి నెల కూడా కాలేదు. కాగితం చదివి, "ఇంత చక్కగా రాసిందెవరు?" అన్నాడు. రైటరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

మూడో రోజు పదకొండింటికి వాచ్‌మన్ ఆయన్ని గేటు దగ్గరే ఆపేశాడు.

"తిననివ్వకపోతే పోనీ. ఒక్క ముద్ద రుచి చూసి వచ్చేస్తా" అని ఆయన బతిమాలాడు.

కాలేజీకి వెళ్తున్న రైటరు ఆగాడు. "ఇంత తిండియావ ఏంటి మామయ్యా ఈ వయసులో?"

ఆయనకు కోపం రాలేదు. అతని వైపు కాసేపు చూసి, "తినేముందు వాసన చూసుకో నాయనా" అన్నాడు.

రైటరు ఆ మాటను ఆయన గొంతుతోనే అనుకరించి గదిలో అందర్నీ నవ్వించాడు.

ఆ తర్వాత రోజూ ఆయన గేటు బయట ఎండలో నిలబడే ఉన్నాడు. నాలుగు రోజులకి అందరికీ అది అలవాటైపోయింది.

మళ్లీ కోడికూర రోజు వచ్చింది. రైటరు క్లాసు వాళ్లతో సినిమాకి బయల్దేరాడు.

"రారా, నీక్కూడా టికెట్ తీశాం."

"కోడికూర వదిలి నేనెక్కడికీ రాను. పైగా ఇప్పుడు గంట పన్నెండింటికే" అన్నాడు బొద్దబ్బాయి.

"అయితే నా వంతు కూడా నువ్వే లాగించు."

ఆ మాట వంటాయనతో చెప్పి మరీ వెళ్లాడు.

సినిమా నుంచి వచ్చేసరికి హాస్టల్ బోసిగా ఉంది. ముప్పై మందిని ఆసుపత్రిలో చేర్చారు.

ఇరవై తొమ్మిది మంది తేరుకున్నారు. రెండు వంతులు తిన్న బొద్దబ్బాయి మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఆసుపత్రి వరండాలో బొద్దబ్బాయి నాన్న నేల మీద కూలబడి ఉన్నాడు. మొదటి బంతి మామయ్య ఆయన పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. రైటరుకి వాళ్ల దగ్గరికి వెళ్లే ధైర్యం చాల్లేదు. వరండా చివర నిలబడ్డ వంటాయన దగ్గరికి వెళ్లాడు.

"ఫ్రిజ్జు చెడిపోయింది బాబూ. మాంసం మెత్తబడింది. వద్దన్నాను. మెస్ కాంట్రాక్టరు నా మాట వింటాడా? మామయ్యే ఉంటే పారబోయించేవాడు. ఆయన వద్దంటే పారబొయ్యాలని పాత వార్డెన్‌గారు రాసిచ్చారు."

"రుచి చూడ్డానికా రోజూ వచ్చేది?"

"ఆయన తిని, రెండు గంటలు ఆగి, తనకేమీ కాలేదంటేనే మీకు వడ్డించేది. మూడుసార్లు ఆయనే ఈ ఆసుపత్రిలో పడ్డాడు. మీకు తెలీదు."

"మాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"ఎవరికీ చెప్పనని పైవాళ్లు ఆయన దగ్గర మాట తీసుకున్నారు. పాత సంగతి బయటపెడితే నా ఉద్యోగం ఊడగొడతామన్నారు. నాకూ పిల్లలున్నారు."

రైటరుకి తన చేతిరాత మీద తనకే అసహ్యం పుట్టింది. మళ్లీ అడిగాడు.

"మేమంటే ఆయనకెందుకంత? ఆయన మాకేమవుతాడు?"

వంటాయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఐదేళ్ల కింద మన మెస్‌లో తిని ఒక కుర్రాడు పోయాడు. పైవాళ్లు పరిహారం ఇస్తామంటే, 'అదేం వద్దు, రోజూ పిల్లలకన్నా ముందు నాకు పెట్టండి' అని అడిగింది ఈయనే బాబూ, ఆ కుర్రాడి నాన్న."