చుక్కమూతి బాతు నిద్ర

అద్దాల బీరువాలోని బాతును చూడగానే భూపాల్‌రావుకు నెత్తి తిరిగిపోయింది.

"ఏం జేసినవ్ అంతయ్యా? గీ బాతు మెడ ఎవలు తిప్పిన్రు?"

"నేనే సార్," అన్నాడు అటెండరు అంతయ్య, అద్దం తుడుస్తూనే. "రెండు రోజులు తడిగుడ్డ చుట్టిపెట్టిన. మెత్తగైంది. మెల్లగ ఎనుకకు మలిపిన. గిప్పుడు పండుకున్నట్టు లేదా?"

అది గడ్డి కూరి నిలబెట్టిన చుక్కమూతి బాతు. ముక్కు మొదట్లో రెండు ఎర్ర చుక్కలు, కొసన పసుపు. పిల్లలు దాన్ని గుర్తుపట్టేదే ఆ ముక్కును చూసి. ఇప్పుడేమో మెడ వెనక్కి మళ్లి, వీపు మీది ఈకల్లో దూరింది. పక్కన నారాయణపక్షి, నీటికాకి, బొల్లికోడి మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుని నిలబడి ఉన్నాయి.

ఇంకో గంటలో యూనివర్సిటీ నుంచి ఇందిరాదేవి మేడం తనిఖీకి వస్తుంది. ఆమె సంతకం పెడితేనే ఆ చిన్న కాలేజీలో జువాలజీ గ్రూపు నిలుస్తుంది. లేదంటే గ్రూపూ పోతుంది, దాంతోపాటు భూపాల్‌రావు లెక్చరర్ కొలువూ పోతుంది. కొలువొచ్చి ఏడాది కూడా కాలేదు పాపం.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! జల్దీ ముందుకు తిప్పు."

"వద్దు సార్. ఆరిపోయింది. ముట్టుకుంటే పుటుక్కున ఇరుగుతది."

ఇంతలో బయట జీపు ఆగింది. గంట ముందే వచ్చేసిందా మహాతల్లి!

ఇందిరాదేవి ఒక్కో పక్షినీ చూస్తూ, ఒక్కో చీటీనీ చదువుతూ వచ్చింది. మొహంలో నవ్వన్నది లేదు. బాతు దగ్గర ఆగింది.

"మూతి కనబడకుండా చుక్కమూతి బాతని రాశారే. ఎట్లా నమ్మాలి?"

అంతయ్యే ముందుకొచ్చాడు.

"రెక్క చూడుర్రి మేడం. గా పచ్చపట్టి, దాని మీద తెల్లది. మా బాపు మానేరు వాగుల చేపలు పట్టేటోడు. పొద్దుగాల పోతే ఇవి ఒడ్డుకు గిట్లనే పండుకునుండేటియి."

ఆమె మొహం విచ్చుకుంది. "చాలామంది బాతు తలను రెక్క కింద పెట్టుకుంటుందనుకుంటారు. కాదయ్యా. వెనక్కి తిప్పి, వీపు ఈకల్లో ముక్కు దాచుకుంటుంది, వేడి పోకుండా. పదిహేనేళ్లుగా కాలేజీలు తిరుగుతున్నాను. అన్నిచోట్లా నిటారు పక్షులే! నిద్రపోయేదాన్ని పెట్టింది మీరొక్కరే."

ముచ్చటపడి చేయి చాచింది.

"అయ్యో, ముట్టకుర్రి మేడం! పురుగు పట్టకుండ మందు పూసిన. చేతులకు మంచిది గాదు."

చేయి వెనక్కి తీసుకుంది. "మిగతావాటిలో కూడా రెండు మూడు ఇట్లా మార్చండి."

"మిగతయి మంచిగనే ఉన్నయ్ మేడం," అన్నాడు అంతయ్య.

ఆమె ఫక్కున నవ్వేసి, అక్కడే బల్ల మీద ఫైలు పెట్టుకుని సంతకం చేసింది. అంతయ్య ఆ ఫైలు పట్టుకుని ఆమెను జీపు దాకా సాగనంపడానికి వెళ్లాడు.

భూపాల్‌రావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇందాక ఆ మనిషిని నోటికొచ్చినట్టు అన్నందుకు సిగ్గేసింది కూడా. ఇంత ఎరుక ఉన్నవాడితో ఇన్నాళ్లూ గాజుసీసాలు కడిగించానే అనుకున్నాడు. మందైతే మందాయె, తర్వాత చేతులు కడుక్కోవచ్చు, తన కొలువు నిలబెట్టిన ఆ ముక్కును ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. బీరువా తెరిచి, వీపు మీది ఈకలను వేలితో మెల్లగా తొలగించాడు.

మెడ ఉంది, మెడ చివర ఒక దూదిముద్ద ఉంది, తల మాత్రం లేదు.