మూడో కొటేషన్

“మూడింట్లో ఎక్కువ రేటు వేసినవాళ్ళ దగ్గరే తీసుకుంటున్నాం. సంతకాలు పెట్టండి” అన్నారు వెంకటకృష్ణారావు గారు.

యేసుకుమార్ చేతిలోని టీ సాసర్లోకి ఒలికింది.

భవానీపురంలో ఛైర్మన్ వెంకటకృష్ణారావు గారి ఇంటి వరండాయే వైద్య ట్రస్టు ఆఫీసు. బల్ల మీద మూడు కాగితాలు, వాటి మీద గాజు పేపర్‌వెయిటు. కృష్ణ ఇసుకలో పడి లంక ఊళ్ళకి తిరిగే మందుల జీపుకి వెనక ఇరుసులో వేయించాల్సిన, చక్రాలు రెండూ కలిసి తిరిగేలా పట్టి ఉంచే డిఫరెన్షియల్ లాకరు కోసం ఆటోనగర్ నుంచి తెచ్చిన కొటేషన్లు అవి. తెచ్చింది జీపు డ్రైవరు యేసుకుమారే. కొనుగోళ్ళ కమిటీలో ముగ్గురే సభ్యులు. ఛైర్మన్ గారు, నర్సు సంపూర్ణమ్మ, యేసుకుమార్.

“అదేంటి సార్! ఎప్పుడూ తక్కువ వేసినవాళ్ళకే కదండీ ఇచ్చేది?”

“దుప్పట్లకి తక్కువ చూస్తాం, ఫినాయిలుకి తక్కువ చూస్తాం. ప్రాణాల దగ్గర కూడా బేరాలేంటయ్యా?”

సంపూర్ణమ్మ ముఖం విప్పారింది. “బాగా చెప్పారు సార్. పోయిన నెల నొప్పులు పడుతున్న కొండలమ్మని తెస్తుంటే ఏమైంది? ఒక చక్రం ఇసుకలో గిర్రున తిరుగుతూనే ఉంది, రెండోది అంగుళం కదిలితే ఒట్టు. చివరికి మంచం మీద మోసుకొచ్చాం. బిడ్డ దక్కిందా? ఇప్పుడు లంకలో హేమకి నెలలు నిండాయి. కాళ్ళు చూస్తే రోకళ్ళలా ఉన్నాయి. బీపీ చూస్తే నాకే దడ. వచ్చే వారంలోగా ఆ రెండు చక్రాలూ కలిసి తిరిగితే చాలు నాకు.”

“అందుకే కదా సిస్టర్, సంజీవరావు గారి షాపులో తీసుకుందామంటున్నాను” అన్నాడు యేసుకుమార్. “మిలిటరీ వాళ్ళు తీసేసిన బండిలోది. పాతదే, కానీ మన జీపుకి అతికినట్టు సరిపోద్ది. పద్నాలుగు వేలు. రెండ్రోజుల్లో బిగించేస్తాడు. ఈ మూడోది ఫారిన్ సరుకు. గాలితో పనిచేస్తది. దానికో కంప్రెసరు కావాలి, పైపులు కావాలి. ఇసుక దూరిందంటే బాగుచేసేవాడు బెజవాడలోనే లేడు.”

“నువ్వు డ్రైవరువా, ఇంజనీరువా?” అన్నారు వెంకటకృష్ణారావు గారు.

“పద్నాలుగు వేల దానిమీద అంత ప్రేమేంటి యేసూ? సంజీవరావు నీ చేతిలో ఏమన్నా పెడతానన్నాడా?” సంపూర్ణమ్మ నవ్వుతూనే అంది. కానీ అన్నాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

యేసుకుమార్ తల దించుకున్నాడు. సంజీవరావు పైసా ఇవ్వలేదు. కానీ మూడు కొటేషన్లూ ఆయన బల్ల సొరుగులోంచే వచ్చాయి. మూడు ఉంటే తప్ప ట్రస్టు ఏదీ కొనదు. కావలసిన షాపువాడే మిగతా రెండూ ఎక్కువ రేట్లతో రాసివ్వడం అక్కడ మామూలే. రెండోదానికి మూతబడిన తన బావమరిది షాపు లెటర్‌హెడ్ వాడాడు సంజీవరావు. మూడోదానికి ఏదీ దొరక్క కూతురి పేరు పెట్టి, అప్పటికప్పుడు నాలుగు కాగితాలు ప్రింటు కొట్టించాడు, ‘ఛాయా ఆటో ఇంపోర్ట్స్’ అని. అడ్రసు చెప్పింది యేసుకుమారే. ఆ నంబరులో ఉన్నది పాత టైర్ల గుట్ట. ఎవరూ ఆశపడకుండా రేటు అరవై రెండు వేలు వేయమన్నదీ అతనే.

వెంకటకృష్ణారావు గారు మినిట్స్ పుస్తకం ముందుకు జరిపారు. సంపూర్ణమ్మ గబగబా సంతకం చేసి పెన్ను యేసుకుమార్‌కి అందించింది.

“రేపు పెడతాను సిస్టర్. ఒకసారి ఆలోచించుకుని...”

“నువ్వు ఆలోచించుకునేదాకా హేమ నొప్పులు ఆపుకుంటుందా?”

యేసుకుమార్ పెన్ను అందుకున్నాడు. సంతకం పెడితే లేని షాపుకి ఆర్డరు వెళ్తుంది. ఆ ఉత్తరం ఊరంతా తిరిగి వెనక్కి వచ్చేసరికి తను హేమని వెనక పడుకోబెట్టుకుని ఇసుక మధ్యలో యాక్సిలరేటరు తొక్కుతూ ఉంటాడు. పెట్టకపోతే సంజీవరావు దగ్గర లంచం తిన్నాడంటారు. నిజం చెబితే ఉద్యోగం ఉండదు. ఇంట్లో భార్య వినీల ముఖం, ఇంకా ఫీజు కట్టని పిల్ల ముఖం కళ్ళముందు కదిలాయి. వాటి వెనకే కొండలమ్మని మోసిన మంచం కూడా కదిలింది. అతను లేచి నిలబడ్డాడు.

“సార్, తప్పయిపోయింది. ఆ షాపు లేదండి.”

“ఏంటీ?”

“ఛాయా ఆటో ఇంపోర్ట్స్ అని ఎక్కడా లేదండి. మూడూ ఒక్కచోటే రాయించాను. రూలు కోసమని అలా చేశాను సార్, ఎవరి దగ్గరా పైసా తినలేదు. మా పిల్ల మీద ఒట్టు. నన్ను ఇవాళే తీసెయ్యండి, పోలీసులకి చెప్పండి, ఏమన్నా చెయ్యండి. సంజీవరావు గారి దగ్గర సామాను సిద్ధంగా ఉంది. ఆయనకి ఒక్క ఫోను కొట్టండి చాలు.”

“యేసూ!” అంటూ సంపూర్ణమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెంకటకృష్ణారావు గారికి కోపం రాలేదు. మూడో కాగితాన్ని తీసి కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని ఒకసారి చూసి, మళ్ళీ పేపర్‌వెయిటు కింద పెట్టారు. తర్వాత లాల్చీ జేబులోంచి మడత పెట్టిన రసీదు ఒకటి తీసి బల్ల మీద పరిచారు. దాని మీద ఛాయా ఆటో ఇంపోర్ట్స్ అని గుండ్రటి స్టాంపు, మినిట్స్ పుస్తకంలో ఆయన వాడే నీలం సిరాతోనే సంతకం ఉన్నాయి.

“లేకపోవడమేంటయ్యా? నిన్న నువ్వు గుణదల చర్చికి వెళ్ళినప్పుడు ఆ షాపు ఓనరే మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి మన జీపుకి లాకరు బిగించి, అరవై రెండు వేలూ తీసుకుని వెళ్ళాడు. ఇక భయం లేదు, ధైర్యంగా వెళ్ళి హేమని తీసుకురా.”