చేతి మీద వాలిన గుడ్లగూబ

తోడికోడలి మణికట్టు మీద కూర్చుని గుడ్లగూబ పిల్ల కునుకు తీస్తోంది. తలుపు సందులోంచి అది చూసిన పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది.

"ముసుగేదే?" అంది లోపలికొచ్చి.

"ఊపిరాడట్లేదక్కా. అయినా ముసుగెందుకు, ఈ పిచ్చిది నన్నేం చేస్తుంది?"

"డాక్టరమ్మకి చెప్తాను."

"చెప్పు. పిల్ల ఇంత మచ్చికైందని మెచ్చుకుంటుంది."

నిజంగానే మెచ్చుకుంటుందేమోనని పెద్దకోడలి భయం.

ఆ వన్యప్రాణుల ఆసుపత్రిలో ఇద్దరూ పనికి చేరి రెండు నెలలు. చెట్టు కూలి కింద పడ్డ రెండు గుడ్లగూబ పిల్లల్ని డాక్టరమ్మ చెరొకటి అప్పగించింది. పిల్లలు రెండూ ఒకేలా ఉంటాయి. పెట్టెలూ ఒకేలా ఉంటాయి. పెట్టెకి వేలాడే అట్టముక్క మీద ఒకదానికి 'పెద్ద', ఒకదానికి 'చిన్న' అని సాకే కోడలి గుర్తు రాసి ఉంటుంది, అంతే తేడా. మేత పెట్టేటప్పుడు ముఖానికి ముసుగు ఉండాలి, నోరు విప్పకూడదు. డాక్టరమ్మ చెప్పిన పాతిక నియమాల్లో అదొకటి. ఎందుకని వీళ్ళూ అడగలేదు.

పెద్దకోడలు ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. పటకారుతో మాంసం ముక్క అందించడం, పెట్టె తుడవడం, మాట్లాడకుండా బయటికి రావడం. ఇంత చేసినా ఆమె పిల్ల ఆమెని చూస్తే చాలు బుస్సుమంటుంది. మణికట్టు మీద గోళ్ళతో గీరిన మూడు గీతలు ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయి. చిన్నదేమో ముసుగు పక్కన పడేసి, "బంగారూ, తిన్నావా" అని కబుర్లు చెబుతుంది. ఇంట్లోనూ ఇదే వరస. అత్తగారు నవ్వుతూ పలకరించేది చిన్నదాన్నే, పక్కింటి కుక్క తోకాడించేదీ చిన్నదాన్ని చూసే. ఆఖరికి గుడ్లగూబ కూడానా?

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది.

"రేపు ఐదింటికి పరీక్ష. రెండు పెట్టెల్లోనూ చెయ్యి పెట్టి చూస్తాను. మీలో ఒకరినే పర్మినెంట్ చెయ్యగలను. ఎవరన్నది ఆ పిల్లలే చెప్తాయి."

పెద్దకోడలికి ఆ రోజు అన్నం సయించలేదు. చిన్నదానికి ఉద్యోగం ఖాయమైతే ఇక ఇంట్లో తన ముఖం ఎవరు చూస్తారు?

మర్నాడు మధ్యాహ్నం ఆమె పిల్లల గది ఖాళీ అయ్యేదాకా కాచుకుంది. చిన్నకోడలు చేతికి రుమాలు చుట్టుకుని బయటికొచ్చింది.

"ఏమైందే?"

"మేకు గీరుకుందక్కా." ముఖం చూడకుండా వెళ్ళిపోయింది.

మేకులు కూడా దీని చుట్టూనే తిరుగుతాయి కాబోలు అనుకుంటూ పెద్దకోడలు లోపలికి దూరింది. పెట్టెల మీద నల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. పగలు కదా, రెండూ నిద్రపోతున్నాయి. గుడ్డ ఎత్తితే తన పిల్ల లేచి ఇల్లు పీకి పందిరేస్తుంది. గుడ్డల జోలికి పోకుండా అట్టముక్కలు రెండూ అటూ ఇటూ మార్చేసింది. మనసుకి సర్దిచెప్పుకుంది. నియమాలన్నీ తను పాటిస్తే, ముద్దులన్నీ దానికా?

ఐదింటికి డాక్టరమ్మ తనే పెట్టెలు రెండూ మోసుకొచ్చి పెరట్లో బల్ల మీద పెట్టింది. ముందు 'పెద్ద' అని ఉన్న పెట్టె మీద గుడ్డ తీసింది.

"నా పిల్ల ఉత్త సాధువు మేడం. ధైర్యంగా చెయ్యి పెట్టండి," అంది పెద్దకోడలు.

డాక్టరమ్మ చెయ్యి పెట్టింది. లోపలున్నది బుస్సుమని లేచి, ముక్కు టకటకలాడించి, చేతి తొడుగు చిరిగేలా గోళ్ళు దింపింది. పెద్దకోడలు తన చేతులకేసి చూసుకుంది. అట్టలు మార్చిన చేతులు ఇవే కదా, మరి ఇదేంటి?

'చిన్న' అని ఉన్న పెట్టె తెరవగానే పిల్ల గెంతుకుంటూ వచ్చి డాక్టరమ్మ చేతి మీద వాలింది. తలని ఆమె వేళ్ళకేసి రుద్దింది. చిన్నకోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గెలిచినదానికి ఈ ఏడుపు ముఖమెందుకో పెద్దకోడలికి అర్థం కాలేదు.

డాక్టరమ్మ దాన్ని బల్ల మీదికి దింపింది.

"దీన్నిక అడవిలో వదల్లేం," అంది. "మనిషంటే భయం లేని పక్షి అక్కడ రెండు రోజులు బతకదు. ఇక జీవితాంతం దీనికి పంజరమే. ముసుగు వేసుకోమన్నది ఇందుకే." తర్వాత చేతికి కారుతున్న రక్తం తుడుచుకుని నవ్వింది. "అదుగో, అది రేపే ఎగిరిపోతుంది. పెద్దమ్మాయ్, ఉద్యోగం నీదే. దాన్ని పట్టుకుని సాధువంటావేంటి?"

పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరమ్మ వెళ్ళాక చిన్నకోడలు బల్ల పక్కనే కూలబడింది. ఆమె పిల్ల భుజం మీదికెక్కి చెవి దగ్గర కిచకిచమంటోంది. ఆ క్షణంలో పెద్దకోడలికి అసూయ పోయి జాలేసింది.

"ఊరుకోవే," అంది వీపు నిమురుతూ.

చిన్నకోడలు రుమాలు విప్పింది. మణికట్టు మీద మూడు పచ్చి గీతలు.

"ఈ పరీక్ష అసలు సంగతి పొద్దున డాక్టరమ్మ ఫోన్లో చెప్తుంటే విన్నానక్కా. ఉద్యోగం నీకొస్తుందని ఓర్వలేక, మధ్యాహ్నం ఇలా గీకించుకుని మరీ నీ పిల్లని నా పెట్టెలో, నా పిల్లని నీ పెట్టెలో పెట్టాను. మరి దేని పేరు కిందికి అది మళ్ళీ ఎలా వచ్చిందక్కా?"