సెకనుకు అరవై బొమ్మలు

శనివారం సాయంత్రం నాలుగుంపావుకు ఒక సిటీ బస్సు డ్రైవరు రిపేరు షాపు కౌంటరు మీద పాత గేమ్ కన్సోల్ పెట్టాడు. ఊళ్లో పాత కన్సోళ్లు విప్పేది ఆ ఒక్క షాపే.

"పాడైందా?" అంది షాపావిడ. యాభై దాటిన మనిషి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది.

"బానే ఉందక్కా. టీవీలో నేనాడేది కంప్యూటర్లో రికార్డవ్వాలి. దానికేదో పెట్టె ఉంటుందట కదా. రేపు సాయంత్రం ఆరింటిలోపు పని అయిపోవాలి."

"ఆరు దాటితే?"

"దాటితే ఇక ఈ జన్మకి లేదు."

అది మోటారు బైకుల రేసు. ఇరవై రెండేళ్ల కిందటి ఆట. అందులో కొండదారిని ఎవరు ఎంత తక్కువ సమయంలో దాటారో ఒక వెబ్‌సైట్ పట్టిక వేస్తుంది. పేర్లుండవు, సభ్యుల నంబర్లే. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ పట్టికను మూసేస్తున్నారు. అప్పటికి పైన ఎవరుంటే ఎప్పటికీ వాళ్లే.

మొదటి స్థానం సమయం మూడు నిమిషాల 41.8 సెకన్లు. డ్రైవరు రెండు నెలల కిందట 41.5లో ముగించాడు. టీవీ ఎదురుగా ఫోను నిలబెట్టి వీడియో తీసి పంపాడు. మొదటి స్థానంలో ఉన్నవాళ్లు అభ్యంతరం చెప్పారు. నిర్వాహకులు ఆ వీడియోను కొట్టేశారు.

"వాడికి కుళ్లక్కా. పనీపాటా లేని కుర్రాడై ఉంటాడు. అమ్మ వండి పెడుతుంటే కాళ్లు చాపుకుని ఆడే రకం."

"ఏమన్నాడేంటి?"

"ఫోను వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టలేమట. వాడి మొహానికి ఫ్రేములొకటి!"

"ఏదీ, ఆ వీడియో చూపించు."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. వంతెన దగ్గర ఆపింది.

"తెర మీద వెలుగు కొడుతోంది. బండి ఎక్కడుందో నీకు కనిపిస్తోందా?"

"మీరు వాడి తరఫున మాట్లాడకండక్కా."

"ఉన్నమాట అన్నాను తమ్ముడూ. సరే, ఇక్కడ బ్రేకెందుకు వేశావు?"

"మలుపు కదా."

"బస్సు నడిపి నడిపి అలవాటైపోయింది నీకు. వెనక సీట్లో జనం లేరు. పడితే పడేది నువ్వొక్కడివే, అదీ బొమ్మలో."

డ్రైవరు నవ్వేశాడు. "మీరూ ఆడతారా ఏంటి?"

"నేనాడుతూ కూర్చుంటే షాపు మీ బావగారు చూస్తారా?"

ఆవిడ మూడు పెట్టెలు తెచ్చి వరసగా పెట్టింది. డ్రైవరు చెయ్యి కొత్తదాని మీదికి వెళ్లింది.

"అది కొత్త కన్సోళ్లకి. నీ దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు. వాటికి ఇందులో చోటే లేదు."

"మరి ఈ చిన్నది?"

"పిన్నులు పడతాయి. కానీ సెకనుకు అరవై బొమ్మలొస్తే సగం మింగేస్తుంది. ఫ్రేములంటే ఆ బొమ్మలే. మళ్లీ లెక్క తేలలేదంటారు." ఆవిడ మూడోదాన్ని ముందుకు జరిపింది. మూత గీతలు పడి ఉంది. "ఇది అరవైకి అరవై పట్టుకుంటుంది. పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించేది దీంతోనే. అమ్మకానికి కాదు. సోమవారం తెచ్చి ఇచ్చెయ్."

తర్వాత గంటసేపు కౌంటరు మీదే అన్నీ కలిపి, నడిపి చూపించింది.

"వైరును ఇక్కడ రెండు చేశాను. ఒకటి టీవీకి, ఒకటి ఈ పెట్టెలోంచి కంప్యూటర్‌కి. టీవీ చూస్తూనే ఆడు. కంప్యూటర్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. దాన్ని చూసి ఆడావో, గోడకి గుద్దాక మలుపు కనిపిస్తుంది."

ఆదివారం ఉదయం ఏడింటికి డ్రైవరు టీవీ ముందు కూర్చున్నాడు. భార్య కంప్యూటర్ దగ్గర కుర్చీ వేసుకుంది.

"ఆరు రోజులు బస్సు తోలి, ఏడో రోజు ఇదా అండీ?"

"ఎర్ర లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది. కానివ్వండి."

పదిన్నరకి ముప్ఫై నాలుగు సార్లు ఓడిపోయాడు. అందులో ఇరవై సార్లు వంతెన దగ్గరే. బ్రేకు వేస్తే సమయం పోతోంది. వెయ్యకపోతే బండి లోయలో పడుతోంది.

పదకొండూ పదహారుకి మళ్లీ మొదలుపెట్టాడు. వంతెన వచ్చింది. కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. వేలు మాత్రం బ్రేకు నొక్కలేదు. బండి రెయిలింగును రాసుకుంటూ మలుపు దాటింది.

పదకొండూ ఇరవైకి గీత దాటాడు. మూడు నిమిషాల 41.3 సెకన్లు.

భార్య కుర్చీలోంచి లేచి అరిచింది. "కొట్టారండీ! కొట్టేశారు!" పక్క వాటా వాళ్లు తలుపు తీసి, ఎవర్ని కొట్టారని అడిగారు.

రికార్డింగు తెరిచి చూశారు. పన్నెండింటికి పంపారు. నిర్వాహకులు రెండింటికల్లా ఫ్రేములు లెక్కపెట్టి సరేనన్నారు. ఇక మొదటి స్థానం వాళ్లు ఒప్పుకోవాలి. అభ్యంతరం పెడితే విచారణకు వారం పడుతుంది. వారం లేదు.

"మళ్లీ పేచీ పెడితే?" అంది భార్య.

"పెడతాడు. వాడి సంగతి నాకు తెలుసు."

నాలుగైంది. అయిదైంది. డ్రైవరు టీ తాగలేదు. భార్య రెండోసారి వేడిచేసి పెట్టింది, అదీ చల్లారింది.

అయిదూ నలభైకి జవాబొచ్చింది. రెండే మాటలు. "అభ్యంతరం లేదు."

ఆరింటికి పట్టిక మూసేశారు. పైన డ్రైవరు నంబరుంది. భార్య దాన్ని తెర మీద వేలుతో తడిమి చూసింది. ఆ పూట ఆయన మూడు కప్పుల టీ తాగాడు.

సోమవారం డ్యూటీకి వెళ్తూ పెట్టెను షాపులో ఇచ్చాడు.

"నిలబడిందా?" అంది ఆవిడ, వైర్లు చుట్టుకుంటూ.

"నిలబడిందక్కా! ఇక ఎవరొచ్చినా కదపలేరు. వాడు మాత్రం మంచోడే, ఈసారి అడ్డుపడాలని చూడలేదు. ఒక్కసారి కనిపిస్తే బావుణ్ణు."

"కనిపిస్తే ఏం చేస్తావ్?"

"తిట్టినందుకు సారీ చెప్పి, చెయ్యి కలుపుతాను."

"సరేలే. ముందు నాతో కలుపు."

ఆవిడ గుడ్డతో చెయ్యి తుడుచుకుని చాచింది. డ్రైవరు రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. బస్సుకి టైమైందని పరుగెత్తాడు.

ఆదివారం సాయంత్రం దాకా మొదటి స్థానం ఆవిడదే.