రెండు గాట్లు

ఎవరో ముసలాయన చెప్పాపెట్టకుండా షెడ్డులోకి వచ్చి, కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఓ పెద్దాయనా! చర్చి పక్క వీధిలో ఉంది," అన్నాడు డ్వేన్.

కార్ల క్లబ్బు కుర్రాళ్లంతా గొల్లుమన్నారు.

వెర్నన్ మాత్రం నవ్వలేదు. ఆ డొక్కు కారుకి కొత్త ముందు సస్పెన్షన్ కట్టడానికి అతనికి చలికాలమంతా పట్టింది. ఆదివారం ఎండుచెరువు మైదానంలో జరిగే పందెంలో దాన్ని తోలబోయేది తమ్ముడు డ్వేనే.

ముసలాయన జేబులోంచి చిన్న సుత్తి తీశాడు. ముందు చక్రాలు రెండింటినీ మోసే ఇనుప దూలాన్ని, అదే యాక్సిల్‌ని, మెల్లగా తట్టి చెవి ఒగ్గాడు.

"ఇది వంచిందెవరు బాబూ?"

వెర్నన్ చేతిలోని పానా పక్కన పెట్టాడు.

కారు ముక్కు నేలకి దిగినట్టుండాలంటే యాక్సిల్‌ని కొలిమిలో ఎర్రగా కాల్చి చివర్లు పైకి వంచాలి. ఆ విద్యలో హాలిస్ ట్రింబుల్‌ని మించినవాడు లేడని కుర్రాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆయన ముఖం చూసినవాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు. వెర్నన్ తనూ వంచి చూశాడు. ఏదీ కుదిరి చావలేదు. విసిగిపోయి ఊరి చివర ఐడా పాత ఇనుము కొట్టుకి వెళితే, కుప్ప అడుగున ఈ యాక్సిల్ దొరికింది. ఎంత నునుపుగా వంచారో!

కానీ ఒకరు చేసింది తెచ్చి బిగించుకుంటే ఈ కుర్రాళ్లు బతకనివ్వరు. 'ఎక్కడ కొన్నావ్?' అన్న మాట వాళ్లలో బూతు కన్నా హీనం. ఆ యాక్సిల్ చివర ఆకురాయితో కోసిన రెండు గాట్లున్నాయి. చేసినవాడి గుర్తు కాబోలనుకుని వెర్నన్ వాటిని అరగదీసి, పైన తళతళలాడే క్రోమ్ పూత వేయించాడు.

"నేనే," అన్నాడు.

"నువ్వేనా?"

"మా అన్నయ్యే! ట్రింబుల్ చూస్తే కుళ్లుకుని చస్తాడు," అన్నాడు డ్వేన్.

ముసలాయన ఆ మాట పట్టించుకోలేదు. వెర్నన్ ముఖంలోకే చూస్తున్నాడు.

"దీని చివర రెండు గాట్లేమైనా ఉండేవా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు నాయనా."

నిజం నోటిదాకా వచ్చింది. కుర్రాళ్లంతా చూస్తున్నారు. డ్వేన్ ముఖం గర్వంతో వెలిగిపోతోంది.

"నా కొలిమిలో నేను వంచినదాని మీద ఎవడి గాట్లుంటాయండీ?"

ముసలాయన ముఖం తేటపడింది.

"అయితే సరే. పూత వేశాక మోత సరిగ్గా తెలిసి చావదు. పొరబడ్డాను. నీ చెయ్యి మంచిది బాబూ."

వెర్నన్ భుజం తట్టి, కాలీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

"మన పని కాపీ కొట్టడానికొచ్చాడ్రా ముసలోడు!"

"పాపం, కాఫీ అయినా ఇవ్వాల్సింది."

"ఇస్తే రేపు చక్రాలు అడుగుతాడు!"

వెర్నన్ కూడా నవ్వేశాడు. గండం గడిచిందనుకున్నాడు.

ఆదివారం కారు దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయింది. గట్టున నిలబడి వెర్నన్ గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఉన్నట్టుండి ఎడమ చక్రం లోపలికి ముడుచుకుపోయింది. కారు పల్టీలు కొట్టింది.

అతను పరుగెత్తుకెళ్లేసరికి డ్వేన్ కళ్లు తెరిచే ఉన్నాయి. వాటి నిండా దుమ్ము పడినా రెప్ప వెయ్యడం లేదు.

యాక్సిల్ ఆ చివరే విరిగింది. విరిగినచోట సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం ఎప్పటిదో నల్లటి పగులు.

తెల్లారి దాన్ని ఇంట్లో ఉంచుకోలేక వెర్నన్ ఐడా కొట్టుకి తీసుకెళ్లి కుప్ప మీద పడేశాడు. ఆమెకి కబురు ఇంకా చేరలేదు.

"అబ్బో, పొద్దున్నే వచ్చేశావే! ఔను గానీ, నా కుప్పలో రెండు గాట్లున్న యాక్సిల్ ఎప్పుడైనా చూశావా?"

వెర్నన్ తను పడేసిన ముక్క వైపు చూశాడు.

"ఓ పెద్దాయన ఆస్పత్రిలో ఉంటే మేనల్లుడు కొలిమి సామానంతా తెచ్చి నాకు అమ్మేశాడు. అందులో ఒకటి కాల్చేటప్పుడు పగిలిందట. పొరపాటున కూడా ఎవరూ వాడకూడదని ఆయనే రెండు గాట్లు పెట్టి పక్కన పడేశాడట. కుప్పలోంచి ఎవడేం లాక్కుపోయాడో నాకు మాత్రం ఏం తెలుసు? మంచం దిగిందగ్గర్నుంచీ షెడ్డు షెడ్డూ తిరుగుతున్నాడు పాపం. 'పోనీయండి, ముక్క ఇనుమేగా' అన్నా వినడు. 'నా చేత్తో చేసింది తల్లీ, ఏ తల్లి బిడ్డనో చంపేస్తుంది' అంటాడు. మీ షెడ్డు చూసొచ్చిన రోజు మాత్రం ఎంత సంతోషపడ్డాడో! 'అక్కడ లేదు, ఆ పిల్లలు బతికిపోయారు' అన్నాడు."

"ఎవరాయన?" అన్నాడు వెర్నన్.

"మీ కుర్రాళ్లంతా ఎప్పుడూ కలవరిస్తుంటారే, ఆ హాలిస్ ట్రింబులే! ఇందాకే వచ్చి వెళ్లాడు, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు."