తడిబట్టలు

పల్లాలరావు గోదావరిలో మునిగి వచ్చి, తడిబట్టలతోనే పట్టిసీమ వీరభద్రుడి ముందు దీపం వెలిగించాడు. చలికి అతని పళ్లు టకటకలాడుతున్నాయి.

“సుబ్బారాయుడుగారి చెరువులో నేను విషం కలిపి ఉంటే, నా వంశం ఇలాగే ఆరిపోవాలండి,” అంటూ దీపాన్ని అరచేత్తో ఆర్పేశాడు.

నా చెరువులో చేపలు చచ్చి తేలిన రోజున, పక్క చెరువువాడైన అతని పేరే ఊరంతా వినేలా అరిచాను. ప్రమాణం చెయ్యమన్నదీ నేనే.

ఊరి పెద్దలు నావైపు చూశారు. నమ్మానన్నట్టు తలూపాను.

మెట్ల మీద పంచె పిండుకుంటూ అతనే నన్ను పలకరించాడు. “చచ్చిన చేపల్ని పరీక్షకి పంపారు కదండీ, ఏమైనా తెలిసిందా? నాకూ నా చెరువే ఆధారం. భయంగా ఉందండి.”

“ఇంకా ఏమీ రాలేదు,” అన్నాను.

నాలుగు రోజుల కిందటే వచ్చింది. ‘విషం ఆనవాళ్లు లేవు. చేపల కాలేయాలు చెడిపోయాయి. మీరు మేతలో కలుపుతున్న తవుడు నూనె పాతబడి పాడైంది. వెంటనే ఆపండి.’

ఆ కాగితం నా జేబులోనే ఉంది. నా చొక్కా తడవలేదు.