కొమ్ములు మొలవకుండా

కళ్ళజోడు నుంచి ఊడిన మర ఒకటి దొర్లుకుంటూ బల్ల కింద పడింది.

దాన్ని తీయడానికి జోడు తెచ్చిన పెద్దాయన ఒకవైపు నుంచి, షాపులో పనిచేసే అమ్మాయి ఇంకోవైపు నుంచి ఒకేసారి వంగారు. రెండు తలలూ ఠపీమని ఢీకొన్నాయి.

ఆ అమ్మాయిని షాపులో అందరూ టపాకాయ అంటారు. ఊరికే అనరు. ఆమె కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

"కాస్త చూసుకుని వంగొచ్చుగా తాతగారూ" అంది నుదురు రుద్దుకుంటూ.

ఆయన నొచ్చుకోలేదు. చిన్నపిల్లాడిలా నవ్వి, ఒక్కసారే తగిలితే కొమ్ములు మొలుస్తాయని, ఇంకోసారి మెల్లగా తగిలించుకుందామని తల ముందుకు వంచాడు.

"నాకెప్పుడో మొలిచాయి. కావాలంటే మా అక్కని అడగండి."

షాపంతా నవ్వింది. మర బిగించుకుని ఆయన వెళ్ళిపోయాడు.

కొన్ని వారాలు గడిచాక ఆమెకి తలనొప్పి మొదలైంది.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మనిషికి తలనొప్పి వస్తే ఎవరైనా ఏమంటారు? అద్దాలు మార్చుకోమన్నారు. మార్చుకుంది. నొప్పి తగ్గలేదు. మాత్రలు మింగి రోజులు నెట్టుకొచ్చింది. అంతలో చేతిలోంచి మరలు జారిపోవడం మొదలైంది. ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించేసింది. ధ్యాస ఎక్కడ పెట్టావని ఓనరు అందరి ముందూ చివాట్లు పెట్టాడు. ఇంకో పొరపాటు జరిగితే పనిలోకి రానక్కర్లేదన్నాడు. అక్కా తనూ బతికేది ఆ పని మీదే. ఆమెకి భయం వేసింది. భయం వేసినకొద్దీ కోపం ఎక్కువైంది.

అలాంటి ఒక ఉదయం ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

జుట్టు చెదిరిపోయి ఉంది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది. ఆమె వెంటనే పోల్చుకోలేకపోయింది. ఆయన నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. "అమ్మా... అది... అది..." అని తడుముకున్నాడు. చివరికి వేలితో తన తల చూపించుకున్నాడు. తర్వాత అదే వేలు ఆమె తల వైపు చూపించాడు.

పక్క కౌంటర్లో ఉన్న సేల్స్‌మన్ కిసుక్కున నవ్వాడు.

"రెండో ఢీ మిగిలిపోయిందిగా టపాకాయ్, దానికోసం వచ్చినట్టున్నారు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అసలే తల పగిలిపోతోంది. ఈ వయసులో ఇవేం వేషాలని అడిగింది. ఆయన కాదు కాదన్నట్టు తల ఊపాడు. ఇంకా దగ్గరికొచ్చి మళ్ళీ తన తల, ఆమె తల చూపించాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"చెయ్యి దించండి. మీ ఇంట్లో ఆడపిల్లలతో కూడా ఇలాగే ఉంటారా?"

ఆయన చెయ్యి దించేశాడు. వాచ్‌మన్ వచ్చి రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

అయినా వెళ్ళలేదు. రోడ్డుకి అవతల ఎండలో నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసినప్పుడల్లా ఆయన వేలు తల మీదికి వెళ్ళేది. మధ్యాహ్నం దాటినా కదల్లేదు. ఇక భరించలేక ఆమె అద్దాల తలుపుకి తెర లాగేసింది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు చూస్తే ఆయన లేడు. పీడ విరగడైందనుకుంది.

తర్వాతి వారమే షాపులో కుప్పకూలింది.

ఆస్పత్రిలో స్కాన్ చూసిన డాక్టరు, ఈమధ్య తలకి దెబ్బ తగిలిందా అని అడిగితే అక్క లేదని చెప్పింది. మెదడు మీద పాత రక్తం పేరుకుపోయిందట. పుర్రెకి చిన్న రంధ్రం చేసి దాన్ని తీసేశారు. పెద్దవయసులో ఇది మామూలేనని, చిన్న దెబ్బకే సన్నటి రక్తనాళం చిట్లి వారాల తరబడి బొట్టుబొట్టుగా కారుతుందని డాక్టరు చెప్పాడు. పడుచువాళ్ళలో అరుదట. ఈమెకి మెదడు పక్కన పుట్టుకతోనే ఒక నీటితిత్తి ఉండబట్టి వచ్చిందట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

రెండ్రోజులకి కాస్త తేరుకున్నాక, కట్టు మారుస్తున్న నర్సుతో ఆమె నెమ్మదిగా మాట కలిపింది. దెబ్బలేం తగల్లేదని, ఎప్పుడో షాపులో ఒక తాతగారి తల తగిలిందంతేనని చెప్పింది.

నర్సు కట్టడం ఆపేసింది.

"కళ్ళజోళ్ళ షాపులోనా?"

అవునంది.

నర్సు మంచం అంచున కూర్చుంది. ఇదే జబ్బుతో ఒక పెద్దాయన ఈ వార్డులోనే చేరాడని చెప్పింది. వెంట ఎవరూ లేరు. చేరిన రోజు ఇంకా కాస్త మాట ఉంది. తన తల తగిలిన పిల్లకి కూడా ఇలాగే అవుతుందా అని డాక్టరుని వదలకుండా అడిగాడట. చిన్నవయసువాళ్ళకి రాదులెండి, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడట డాక్టరు. ఆయన మాత్రం కుదుటపడలేదు. మర్నాటికి మాట పోయింది. ఆ పొద్దున చూస్తే మంచం మీద మనిషే లేడు.

"మా షాపుకి వచ్చారు" అంది ఆమె. "మధ్యాహ్నం దాటినా ఎండలోనే ఉన్నారు. నేను గెంటించేశాను."

"తనంతట తనే తిరిగొచ్చారమ్మా. కళ్ళజోడు చూపిస్తారు, తల చూపిస్తారు. జోడు నొక్కుకుని తల నొప్పెడుతోందేమో అనుకుని తీసేశాం. మాకేం తెలుసు?"

క్షమించమని అడగాలి, ఆయన మంచం ఎక్కడో చూపించమంటూ ఆమె లేవబోయింది. నర్సు భుజాలు పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది. ఆపరేషన్ చేసేలోపే, ఆ రాత్రే స్పృహ తప్పిందని, ఇక లేవలేదని చెప్పింది.

ఆమె తన తలకున్న కట్టు తడుముకుంది.

"ఆపరేషన్ చేసి ఉంటే బతికేవారా?"

నర్సు దుప్పటి సర్దింది. తర్వాత చెప్పింది.

"నీకు చేసిందే ఆయనకీ చేయాల్సింది తల్లీ, ఆయన మీ షాపు ముందు నిలబడ్డ ఆ రోజు పొద్దున్నే థియేటర్ సిద్ధం చేసుకుని మేమంతా ఆయన కోసమే ఎదురుచూశాం."